హాల్లో మాట వినే కుక్క వీధిలోనూ వినాలంటే

కొత్తగా కుక్కను తెచ్చుకున్న ఇళ్లలో కొన్నాళ్లకు ఒకే మాట వినిపిస్తుంది. "ఇంట్లో చెప్తే చక్కగా వింటుందండీ, గేటు దాటితే మాత్రం మనమెవరో తెలియనట్టే ఉంటుంది." దీన్ని పెంకితనం అనుకుంటాం, గారాబం ఎక్కువైందనుకుంటాం. నిజానికి కుక్క ఒక చోట నేర్చుకున్న మాటను ఇంకో చోటికి తనంతట తాను తీసుకెళ్లలేదు. సొంత వంటింట్లో చూడకుండానే పోపు వేసే మనిషి కూడా చుట్టాల వంటింట్లో ఆవాల డబ్బా కోసం వెతుక్కోవాల్సిందే కదా, కుక్కకు ప్రతి కొత్త చోటూ అలాంటి వంటిల్లే. హాల్లో సోఫా ముందు, చికెన్ ముక్క పట్టుకున్న చేతి ఎదుట కూర్చోవడం దానికి ఒక పాఠం. ఆటోలు తిరిగే సందులో, ఎదురింటి గోడ మీద పిల్లి కనిపిస్తుండగా కూర్చోవడం పూర్తిగా వేరే పాఠం. ఆ రెండో పాఠం మనం చెప్పనే లేదు.

అందుకే ఇక్కడ చెప్పే ఆరు మాటల్లో ప్రతిదాన్నీ నాలుగు చోట్ల మొదటి నుంచీ నేర్పాలి. ముందు హాల్లో, తర్వాత డాబా మీద లేదా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో, ఆ తర్వాత తెల్లవారుజామున ఖాళీగా ఉన్న మన సందులో, చివరికి మనుషులు, వాసనలు, వేరే కుక్కలు ఉండే మైదానంలో. మొదటి చోట పట్టినంత సమయం తర్వాతి చోట్ల పట్టదు. కానీ ఏ చోటునూ దాటవేయకూడదు.

విజయవాడలో ఇది సరదాకి నేర్పే విద్య కాదు. సత్యనారాయణపురం, ముత్యాలంపాడు, పటమట లాంటి చోట్ల చాలా ఇళ్లకు గేటు తీస్తే నేరుగా రోడ్డే. రాంగ్ సైడులో దూసుకొచ్చే బండ్లు, మలుపు మలుపుకీ ఓ వీధి కుక్కల గుంపు, ఊరి మధ్యలోంచి పారే ఏలూరు, బందరు, రైవస్ కాలువలు. గేటు సందులోంచి జారిపోయిన కుక్కను వెనక్కి రప్పించడానికి నోటి మాట తప్ప మన దగ్గర ఇంకేమీ ఉండదు.

మొదటి వారం: నేర్పకండి, అలవాటు పడనివ్వండి

ఇంటికి తెచ్చిన రోజే "సిట్ సిట్" అని మొదలుపెట్టకండి. కొత్త వాసనలు, కొత్త మనుషులు, రాత్రుళ్లు వినిపించే రైలు కూతలు, వీటితోనే దానికి తల నిండిపోతుంది. ఒక మూల గోనెపట్టానో పాత దుప్పటో వేసి ఆ చోటు దానిదే అని తెలియనివ్వండి. అక్కడ పడుకున్నప్పుడు పిల్లలు వెళ్లి కదపకూడదని ఇంట్లో గట్టిగా చెప్పండి. తిండి, నీళ్లు, బయటికి తీసుకెళ్లడం రోజూ ఒకే వేళకి జరిగితే భయం త్వరగా తగ్గుతుంది.

ఈ వారంలోనే వెటర్నరీ డాక్టర్‌కి చూపించాలి. పార్వో, డిస్టెంపర్ అనే వైరస్ జబ్బుల టీకాలు 6 నుంచి 8 వారాల వయసులో మొదలై, 2 నుంచి 4 వారాల తేడాతో 16 వారాల వయసు వచ్చే వరకు పడాలి. రేబీస్ టీకా మూడు నెలల వయసులో వేయించి, ఆ తర్వాత డాక్టర్ చెప్పిన గడువుకి మళ్లీ వేయించాలి. మన దగ్గర గన్నవరంలోనే పశువైద్య కళాశాల ఉంది, అక్కడి ఆసుపత్రిలో కూడా చూపించుకోవచ్చు.

టీకాలు పూర్తయ్యేదాకా కుక్కపిల్లను వీధిలో నేల మీద దించకండి. పార్వో వైరస్ మట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అలాగని నాలుగు గోడల మధ్యే ఉంచేస్తే ఇంకో నష్టం ఉంది. అమెరికాలోని బార్ హార్బర్‌లో జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ అనే శాస్త్రవేత్తలు 1950, 60 దశకాల్లో కుక్కపిల్లల మీద చేసిన సుదీర్ఘ పరిశోధనలో తేలిన విషయమిది: సుమారు 3 వారాల నుంచి 12, 14 వారాల వయసు దాకా చూసినవి, విన్నవి వాటికి మామూలు సంగతులైపోతాయి. ఆ వయసులో ఎప్పుడూ చూడనివి పెద్దయ్యాక భయపెడతాయి. కాబట్టి చేతుల్లో ఎత్తుకుని తిప్పండి. బీసెంట్ రోడ్డు రద్దీ కాస్త దూరం నుంచి, గుడి మైకు, హెల్మెట్ పెట్టుకున్న మనిషి, వానకోటు, చేతికర్రతో నడిచే తాతగారు, ఇవన్నీ చూపించండి. చూస్తుండగా నోట్లో ఓ చిన్న ముక్క పెట్టండి. దీపావళి నాటికి టపాసుల శబ్దం అలవాటు చేయాలంటే ఫోన్‌లో చాలా తక్కువ సౌండ్‌తో వినిపిస్తూ తినిపించి, రోజుల తరబడి కొద్దికొద్దిగా పెంచాలి. దగ్గరికి లాక్కెళ్లి "ఏం కాదులే" అనడం వల్ల భయం పెరుగుతుందే కానీ తగ్గదు.

పెద్ద కుక్కను తెచ్చుకున్నవారు నిరుత్సాహపడక్కర్లేదు. మొక్కై వంగనిది మానై వంగునా అంటారు కానీ కుక్కల విషయంలో ఆ మాట నిలవదు. మా ఇంట్లో ఉన్నది సందులో తిరుగుతూ పెరిగిన నాటు కుక్క. ఊహ తెలిసిన వయసులోనే ఇంటికొచ్చింది, ఇక్కడ చెప్పే మాటలన్నీ నేర్చుకుంది. అయితే మనిషిని నమ్మడానికి దానికి కుక్కపిల్లలకంటే ఎక్కువ వ్యవధి ఇవ్వాలి. మన నాటు కుక్కలు మొద్దువి, జాతి కుక్కలే తెలివైనవి అన్న అపోహ మాత్రం వదిలేయండి. బండ్ల మధ్య రోడ్డు దాటడం సొంతంగా నేర్చుకున్న బుర్ర అది.

వేళ, ఎండ

ఒక్కో పాఠం మూడు నుంచి ఐదు నిమిషాలు చాలు. రోజుకి రెండు మూడు సార్లు, తిండికి ముందు. ఇంకా ఉత్సాహం ఉండగానే ఆపేయాలి.

ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా మన ఎండల్లో బయటి పాఠాలు సూర్యోదయం వేళకే అయిపోవాలి. కుక్క మనలా ఒళ్లంతా చెమట పట్టించుకుని చల్లబడలేదు, ప్రధానంగా రొప్పడమే దానికి దారి. గాలిలో తేమ ఎక్కువగా ఉన్న రోజు ఆ రొప్పడం కూడా సరిగా పనిచేయదు. బయల్దేరే ముందు అరచేతి వెనుక భాగాన్ని రోడ్డు మీద ఆనించండి. ఐదారు సెకన్లు ఉంచలేకపోతే దాని కాళ్లు కూడా ఓర్చుకోలేవు. సాయంత్రం పొద్దుపోయాక కూడా సిమెంటు రోడ్డు, డాబా వేడి వదలవు. నాలుక బాగా బయటికి వేలాడుతూ, చొంగ చిక్కబడి, నడక తూలితే అది వడదెబ్బ. వెంటనే నీడకు తెచ్చి, కడుపు మీద, పాదాల మీద మామూలు నీళ్లు పోసి, ఫ్యాన్ కింద ఉంచి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి.

తాయిలం ఏది, ఎంత

ఉప్పు, కారం, ఉల్లి, వెల్లుల్లి లేకుండా ఉడికించిన చికెన్ అన్నిటికంటే బాగా పనిచేస్తుంది. ఉడికించిన గుడ్డు, పనీర్, క్యారెట్, చిలగడదుంప కూడా మంచివే కాబట్టి మాంసం వండని ఇళ్లలోనూ ఇబ్బంది లేదు. ఒక్కో ముక్క శనగగింజంత ఉంటే చాలు. పెద్ద ముక్క పెడితే నమలడంలో పాఠం మర్చిపోతుంది, నాలుగు ముక్కలకే కడుపు నిండుతుంది. తాయిలాలన్నీ కలిపి రోజు తిండిలో పదో వంతు దాటనివ్వకండి.

ప్యాకెట్ బిస్కెట్లు చాలామంది పెడతారు. వాటిలో ఎక్కువగా ఉండేవి చక్కెర, మైదాయే, రోజూ పెట్టడం మంచిది కాదు. ఉల్లి, వెల్లుల్లి, ద్రాక్ష, కిస్మిస్, చాక్లెట్, షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లలో వాడే జైలిటాల్, ఇవి కుక్కకు విషం. వండిన కోడి ఎముకలు చీలి పేగులకు గుచ్చుకుంటాయి.

రెండు రకాల తాయిలం సిద్ధంగా ఉంచుకోండి. హాల్లో క్యారెట్ ముక్క సరిపోతుంది. వీధిలో పిల్లిని చూసి కూడా మన వైపు తిరిగిందంటే దానికి చికెనే దక్కాలి.

"భేష్": అన్నిటికంటే ముందు నేర్పే మాట

1898లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త పిల్లులను పెట్టెల్లో ఉంచి చేసిన ప్రయోగాలతో ఒక సూత్రం చెప్పాడు: మంచి ఫలితం ఇచ్చిన పనిని జంతువు మళ్లీ మళ్లీ చేస్తుంది. కుక్క శిక్షణంతా ఇప్పటికీ దాని మీదే నడుస్తోంది. ఇబ్బందల్లా సమయంతోనే. కూర్చున్న క్షణానికీ, మనం జేబులోంచి ముక్క తీసే క్షణానికీ మధ్య అది లేచి, తిరిగి, తోక ఊపి ఉంటుంది. మనం కూర్చున్నందుకు ఇచ్చామనుకుంటాం. తోక ఊపినందుకు ఇచ్చారని అది అనుకుంటుంది. బి.ఎఫ్. స్కిన్నర్ అనే మనస్తత్వవేత్త దగ్గర చదువుకున్న కెల్లర్, మారియన్ బ్రెలాండ్ దంపతులు 1940లలో ఈ చిక్కును ఒక చిన్న శబ్దంతో విప్పారు. సరైన పని జరిగిన క్షణానే శబ్దం, ఆ వెంటనే తిండి. ఇప్పుడు దుకాణాల్లో దొరికే క్లిక్కర్, అంటే నొక్కితే టిక్కుమనే చిన్న పరికరం, అలా వచ్చిందే.

క్లిక్కర్ కొనక్కర్లేదు, "భేష్" అనే మాట చాలు. చిన్నది, స్పష్టమైనది, ఇంట్లో మామూలు కబుర్లలో దొర్లనిది. మొదటి రెండు రోజులు కుక్కతో ఏ పనీ చేయించకుండా "భేష్" అనండి, ఒక ముక్క పెట్టండి. మళ్లీ "భేష్", మళ్లీ ముక్క. ఆ మాట వినగానే తల తిప్పి మీ చేతి వైపు చూస్తోందంటే అర్థమైందన్నమాట. ఇక నుంచి మాట ముందు, ముక్క తర్వాత. రెండూ ఒకేసారి జరిగితే దాని కళ్లు ముక్క మీదే ఉంటాయి, మాట వినదు. "భేష్" అన్నాక మాత్రం పొరపాటున అన్నా సరే, ముక్క ఇవ్వాల్సిందే.

ఇక మిగతా ఆరు మాటలు ముందే తేల్చుకోవాలి. అమ్మమ్మ "కూర్చో" అని, మనవడు "సిట్" అని, నాన్న "బైఠో" అని అంటుంటే కుక్క ఎవరి మాటా వినదు. మా ఇంట్లో వాడేవి ఇవి: సిట్, పడుకో, వచ్చెయ్, ఆగు, లీవిట్, పద. ఇంగ్లీషు, తెలుగు కలిసిపోయాయన్న పట్టింపు వద్దు, చెవికి ఒకదానికొకటి వేరుగా వినిపించడమే ముఖ్యం. పిలవడానికి ఒట్టి "రా" పనికిరాదు. "ఏంట్రా, ఎక్కడున్నావురా" అని రోజంతా ఇంట్లో ఆ శబ్దం వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి దానికి విలువ పోతుంది. "వచ్చెయ్" పెట్టుకున్నాక "వదిలెయ్" కూడా పెట్టుకుంటే రెండూ కలిసిపోతాయి, అందుకే అక్కడ లీవిట్. ఈ ఆరూ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కి అంటించండి. పనికి వచ్చే ఆవిడకీ, వాచ్‌మన్‌కీ కూడా చెప్పండి.

సిట్

ముక్కను దాని ముక్కు దగ్గర పెట్టి, నెమ్మదిగా తల మీదుగా వెనక్కి జరపండి. ముక్కు పైకి లేస్తుంటే నడుము తనంతట తానే కిందికి దిగుతుంది. నేలకు ఆనిన క్షణాన "భేష్", ముక్క. చెయ్యి మరీ ఎత్తులో ఉంటే అది ఎగురుతుంది, అప్పుడు చెయ్యి కిందికి దించండి. నడుము మీద చెయ్యి వేసి అదమకండి. కుక్కపిల్లల తుంటి ఎముకలకు అది మంచిది కాదు, పైగా మనం అదిమినంత సేపే కూర్చుంటుంది.

ఐదారు సార్లు అయ్యాక అదే చెయ్యిని ముక్క లేకుండా అలాగే కదపండి. కూర్చోగానే "భేష్" అని రెండో చేత్తో ముక్క ఇవ్వండి. చాలామంది ఈ మెట్టు దాటవేస్తారు, అందుకే చేతిలో ముక్క కనిపిస్తేనే వినే కుక్కలు తయారవుతాయి. ఖాళీ చేతి సైగకి తప్పకుండా కూర్చుంటోందని తేలాకే మాట కలపాలి. ముందు "సిట్" అని ఒక్కసారి, ఒక క్షణం ఆగి సైగ. కొన్నాళ్లకు సైగ రాకముందే కూర్చోవడం మొదలవుతుంది. "సిట్ సిట్ సిట్" అని వరసగా అంటే మూడోసారి వింటే చాలని మనమే నేర్పినట్టవుతుంది.

పడుకో

కూర్చున్న కుక్క ముక్కు నుంచి ముక్కను నేరుగా నేలకు, అక్కడి నుంచి కొంచెం మీ వైపుకు జరపండి. మోచేతులు నేలకు తాకినప్పుడు "భేష్". నున్నటి గ్రానైట్, టైల్స్ నేల మీద చాలా కుక్కలు దీనికి మొరాయిస్తాయి. కాళ్లు జారుతాయి, బక్క కుక్కలకైతే ఎముకలు ఒత్తుకుంటాయి. గోనెపట్టా వేసి చూడండి, చాలాసార్లు అక్కడికక్కడే తేడా కనిపిస్తుంది. వెంటనే పూర్తిగా పడుకోకపోతే సగం వంగినందుకు కూడా మొదట్లో ముక్క ఇవ్వండి.

వచ్చెయ్

ఆరింట్లో ఒక్కదానికే సమయం ఉందంటే ఇది నేర్పండి. మిగతావి రాకపోయినా కుక్కతో బతకవచ్చు, ఇది రాకపోతే ఏదో ఒక రోజు బండి కింద పడుతుంది.

హాల్లో మొదలుపెట్టండి. రెండడుగుల దూరంలో, అది మీ వైపు చూస్తున్నప్పుడు పేరు పిలిచి "వచ్చెయ్" అని సంతోషంగా ఒక్కసారే అనండి. అంటూనే వెనక్కి నాలుగడుగులు వేయండి. వెనక్కి వెళ్లే మనిషి వెంట పడటం కుక్కకు సహజం. దగ్గరికి రాగానే "భేష్", ఒక ముక్క కాదు, వరసగా మూడు నాలుగు ముక్కలు ఒక్కొక్కటిగా. ముక్క తింటుండగా రెండో చేత్తో మెడ బెల్టు మెల్లగా పట్టుకుని వదిలేయండి. రేపు రోడ్డు మీద అది దగ్గరికొచ్చి, మీరు బెల్టు పట్టబోతే తప్పించుకుని పరుగు తీయకుండా ఉండటానికే ఈ అలవాటు.

తర్వాత ఇద్దరు మనుషులు చెరో గదిలో కూర్చుని వంతులవారీగా పిలవండి. పిల్లలున్న ఇంట్లో దీనికి మించిన ఆట లేదు. పక్క గదిలో కనిపించకుండా ఉండి పిలిచినా పరుగున వస్తోందంటే డాబా ఎక్కవచ్చు. అక్కడ ముందు పిట్టగోడ ఎత్తు చూసుకోండి. పావురాన్ని చూసి కుక్క గోడ దూకేసిన సంఘటనలు నిజంగా జరుగుతాయి. ఐదు నుంచి పది మీటర్ల నూలు తాడు తీసుకుని హార్నెస్‌కి (ఛాతీ చుట్టూ వేసే పట్టీకి) కట్టండి, మెడ బెల్టుకి మాత్రం కట్టకండి. తాడు లాగి రప్పించడానికి కాదు అది. మాట వినకపోతే దానికి దూరంగా పోయే అవకాశం లేకుండా ఉండటానికి మాత్రమే.

సందులో తెల్లవారుజామున, తాడుతోనే. అక్కడ నిలకడగా వచ్చాక మైదానంలో, అదీ తాడుతోనే. కృష్ణ ఒడ్డున ఘాట్ల వైపు తీసుకెళ్తే నీళ్ల దగ్గర తాడు వదలొద్దు. రద్దీ రోడ్డు పక్కన అయితే ఎంత శిక్షణ పొందిన కుక్కనైనా వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం.

ఈ మాటను చెడగొట్టేది ఎక్కువగా మనమే. స్నానం చేయించడానికి, మాత్ర మింగించడానికి, గొలుసు వేయడానికి "వచ్చెయ్" అని పిలవకండి. ఆ పనులకు మీరే దాని దగ్గరికి వెళ్లండి. మైదానంలో ఆట ముగించడానికి మాత్రమే పిలిస్తే "వచ్చెయ్ అంటే ఇంటికి పోవడం" అని అది పట్టేస్తుంది. పదిసార్లు పిలిచి, ముక్క పెట్టి, తొమ్మిదిసార్లు మళ్లీ ఆడుకోనివ్వండి. అరగంట వేధించి వచ్చినా సరే, తిట్టకండి, కొట్టకండి. దాని లెక్కలో దెబ్బ పడింది పారిపోయినందుకు కాదు, వచ్చినందుకు.

తప్పించుకుని పరుగెడుతుంటే వెంటపడకండి, అది ఆట అనుకుంటుంది. ఆగి, కింద కూర్చుని, తాయిలాల సంచి చప్పుడు చేసి పిలవండి. లేదా దానికి వ్యతిరేక దిక్కులో పరుగెత్తండి.

ఆగు, ముఖ్యంగా గేటు దగ్గర

కూర్చోబెట్టి, అరచేయి చూపించి "ఆగు" అనండి. ఒక సెకను. "భేష్", ముక్క. తర్వాత రెండు, ఐదు, పది సెకన్లు. మీరు తిరిగి దాని దగ్గరికి వచ్చి ముక్క ఇవ్వాలి. దాన్నే మీ దగ్గరికి పిలిచి ఇస్తే లేవడం కోసమే ఎదురుచూస్తుంది. సమయం, దూరం, చుట్టూ అలజడి, ఈ మూడింట్లో ఒకసారికి ఒకటే పెంచండి. దూరం పెంచిన రోజు సమయం తగ్గించండి. రెండుసార్లు వరసగా లేచిపోయిందంటే మీరు తొందరపడ్డారని అర్థం, ఒక మెట్టు దిగండి.

ఇప్పుడు గేటు. తాడు కట్టి ఉంచి, "ఆగు" అని గేటు గడియ తీయండి. లేచిందా, మాట్లాడకుండా గడియ వేసేయండి. మళ్లీ కూర్చున్నాక మళ్లీ తీయండి. కూర్చుంటేనే గేటు తెరుచుకుంటుందని అదే కనిపెడుతుంది. తర్వాత గేటు సగం, పూర్తిగా, మీరు బయటికి ఒక అడుగు. "పద" అన్నాకే అది కదలాలి. పొద్దున్నే పాలు తెచ్చే మనిషి, కొరియర్ అబ్బాయి, గేటు సరిగా వేయకుండా వెళ్లే చుట్టాలు, వీళ్లెవర్నీ మనం మార్చలేం. కాబట్టి తెరిచిన గేటు ముందు ఆగడం దానికి మనం అడగకపోయినా వచ్చే అలవాటు కావాలి. రోజూ బయటికి వెళ్లే ప్రతిసారీ చేయండి, దీనికి వేరే పాఠం వేళ అక్కర్లేదు.

లీవిట్

గుప్పిట్లో క్యారెట్ ముక్క పెట్టి మూసి చూపించండి. నాకుతుంది, గీకుతుంది, మీరు కదలకండి. విసిగి ముక్కు వెనక్కి తీసిన క్షణాన "భేష్" అని రెండో చేతిలోంచి చికెన్ ఇవ్వండి. గుప్పిట తెరిచి పెట్టినా తాకకుండా ఉండే దాకా సాగించి, అప్పుడు "లీవిట్" మాట కలపండి. తర్వాత నేల మీద పెట్టి, పాదంతో కప్పడానికి సిద్ధంగా ఉండి అదే చేయండి. వదిలేయమన్నది ఎప్పుడూ దానికి ఇవ్వొద్దు, వేరేది, మంచిది ఇవ్వాలి.

మే నెలలో ఆవకాయ కలిపే రోజు ఈ మాట విలువ తెలుస్తుంది. ఇల్లంతా ఒలిచిన వెల్లుల్లి, మామిడి టెంకలు. టెంక మింగితే పేగులో అడ్డుపడి ఆపరేషన్ దాకా వెళ్తుంది. వీధిలోనైతే బిర్యానీ ప్యాకెట్లలో పారేసిన ఎముకలు, ఎలుకల మందు తిని చచ్చిన ఎలుకలు ఉండనే ఉన్నాయి.

ఇప్పటికే నోట కరుచుకుంటే నోట్లో చేయి పెట్టి లాగకండి. ముక్కు ముందు ఇంకా మంచి ముక్క చూపిస్తే అదే జారవిడుస్తుంది. రోజూ ఆటబొమ్మతో ఇలా మార్పిడి చేస్తూ, బొమ్మను కూడా తిరిగి ఇచ్చేస్తుంటే మనిషి దగ్గరికొస్తే వస్తువు పోతుందన్న భయం దానికి కలగదు.

పద: లాగకుండా నడవడం

తాడు బిగుసుకోగానే ఆగిపోండి. వదులయ్యాక నడవండి. మీ మోకాలి పక్కకు వచ్చినప్పుడల్లా అక్కడే, మోకాలి ఎత్తులోనే ముక్క ఇవ్వండి. మొదటి కొన్ని రోజులు వీధి చివరికి కూడా చేరరు, ఫర్వాలేదు. వాసన చూడటానికి కూడా వదలండి, కుక్కకు బయట నడక అంటే సగం అదే. మెడకు ఉరిలా బిగిసే గొలుసులు, ముళ్ల బెల్టులు వాడొద్దు, గొంతు దెబ్బతింటుంది.

వీధి కుక్కల గుంపు ఎదురైతే పరుగెత్తకండి, రాయి తీయకండి. తాడు బిగించి పట్టుకుంటే మన కుక్కకు టెన్షన్ ఇంకా పెరుగుతుంది. వీలైనంత దూరంగా, వంపు తిరిగి వెళ్లండి లేదా "పద" అని వెనక్కి మళ్లండి. ముందుకు వస్తున్నవాటి వైపు నాలుగు బిస్కెట్ ముక్కలు నేల మీద చల్లితే ఆగి ఏరుకుంటాయి. రోజూ ఒకే దారిలో, ఒకే వేళకి వెళ్తే కొన్నాళ్లకు అవి మిమ్మల్ని పట్టించుకోవు. చెవి కొసన గంటు ఉంటే ఆ కుక్కకు సంతాన నిరోధక ఆపరేషన్, రేబీస్ టీకా జరిగాయని గుర్తు.

కరవడం, కొట్టడం

కుక్కపిల్లలు మన చేతులు కొరకడం పళ్లు మారే వయసులో, అంటే నాలుగు నుంచి ఆరు నెలల మధ్య, బాగా ఎక్కువవుతుంది. చెయ్యి లాక్కుంటే ఇంకా ఉత్సాహపడుతుంది. ఆట ఆపి, మొహం తిప్పుకుని, అరనిమిషం తర్వాత నమలడానికి బొమ్మ ఇవ్వండి. ఏ కుక్క పన్నయినా, గోరయినా రక్తం వచ్చేలా గీసుకుంటే సబ్బు, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. రేబీస్ లక్షణాలు కనిపించాక మందు లేదు. సమయానికి టీకా వేయించుకుంటే భయం లేదు.

చుట్టిన పేపరుతో కొట్టడం, చేసిన మురికిలో ముక్కు రుద్దడం ఇప్పటికీ కొందరు సలహా ఇస్తారు. గంట క్రితం చేసిన తప్పుకి ఇప్పుడు దెబ్బ పడిందని కుక్క లెక్క కట్టలేదు. ఈ మనిషి ఒక్కోసారి ప్రమాదం అని మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. గుర్రుమన్నందుకు కూడా కొట్టకండి. గుర్రుమనడం హెచ్చరిక. దాన్ని నోరు మూయిస్తే రేపు హెచ్చరిక లేకుండా కరుస్తుంది. జంతువును కొట్టడం, పొట్టి గొలుసుతో గంటల తరబడి కట్టి ఉంచడం 1960 జంతు హింస నిరోధక చట్టం కింద నేరం కూడా. గేటు దగ్గర రోజంతా కట్టేసిన కుక్క వచ్చేపోయేవాళ్ల మీద మొరిగే కుక్క అవుతుందే తప్ప మాట వినే కుక్క కాదు.

అన్నీ మర్చిపోయినట్టు చేసే కాలం

ఆరేడు నెలల వయసు నుంచి ఏడాది, ఏడాదిన్నర దాకా ఒక దశ ఉంటుంది. నిన్నటి దాకా పరుగున వచ్చింది ఇవాళ పిలిస్తే వెనక్కి తిరిగి చూడదు. చాలా ఇళ్లలో ఇక్కడే విసిగిపోయి గొలుసుకి కట్టేస్తారు, కొందరు ఊరి బయట వదిలేస్తారు కూడా. దయచేసి అలా చేయకండి. ఇది వయసు, తగ్గిపోతుంది. మళ్లీ హాల్లోకి వెళ్లండి, మళ్లీ పొడవు తాడు తీయండి, మళ్లీ చికెన్ ఉడకబెట్టండి. మొదటిసారి పట్టిన కాలంలో కొద్ది భాగమే పడుతుంది.

తాయిలం ఎప్పుడు తగ్గించాలని అందరూ అడుగుతారు. ఒక చోట ఒక మాట పదికి తొమ్మిదిసార్లు వింటుంటే ఆ చోట, ఆ మాటకి తగ్గించవచ్చు. ఒక్కసారిగా ఆపకండి. రెండుసార్లకోసారి, తర్వాత మూడుసార్లకోసారి, ఎప్పుడు దొరుకుతుందో దానికి తెలియకుండా ఇవ్వండి. మిగతాసార్లు మెడ కింద గోకడం, బంతి విసరడం, గేటు తెరవడం కూడా దానికి బహుమానమే. "వచ్చెయ్" ఒక్కదానికి మాత్రం ఈ తగ్గింపు వర్తించదు. కుక్కకు పదేళ్లు వచ్చినా, పిలిచిన ప్రతిసారీ ఏదో ఒకటి దాని నోట్లో పడాలి. జేబులో ఏమీ లేకపోతే ఇంట్లోకి తీసుకెళ్లి పెరుగన్నం ముద్దయినా పెట్టండి.